డిక్కీలో దడదడ

ఐదు వేల వాట్లని అట్టపెట్టె మీద లావుపాటి అక్షరాలతో అచ్చేసిన యాంప్లిఫయర్‌ను చంకలో పెట్టుకుని అవనిగడ్డ నుంచో నాగాయలంక నుంచో కుర్రాళ్ళు బందరులో మా షెడ్డుకొస్తారు. నేను అట్టపెట్టె జోలికి పోను. యాంప్‌ను తిరగేసి, కరెంటు తీగలు బిగించే చోట ఫ్యూజెంతో చూస్తాను. చాలాసార్లు 30 ఆంపియర్లది ఒక్కటుంటుంది. "ఎంత పెట్టి కొన్నావురా?" అంటే "ఐదు వేల వాట్లంట బాబాయ్" అని వాట్లు చెబుతారు కానీ ధర చెప్పరు.

అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఉండేది సుమారు 14 వోల్టులు. దాన్ని 30తో గుణిస్తే 420 వాట్లు. ఫ్యూజు ఎగిరిపోకుండా ఆ యాంప్ నిలకడగా లోపలికి తీసుకోగలిగింది అంతే. అందులో కొంత వేడిగా పోతుంది, పైన చెయ్యి వేస్తే తెలుస్తూనే ఉంటుంది. పాత తరహా ఏబీ క్లాసు యాంప్ అయితే నూటికి అరవై వంతులు, ఇప్పటి డీ క్లాసుదైతే ఎనభై వంతుల దాకా స్పీకరుకు చేరతాయి. అంటే 250 నుంచి 330 వాట్లు. నిజంగా ఐదు వేలు రావాలంటే 350 ఆంపియర్ల పైచిలుకు కరెంటు కావాలి. చిన్నకార్లలో ఆల్టర్నేటర్ అరవై, డెబ్భై ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. ఏసీ ఫ్యానూ హెడ్‌లైట్లూ కూడా అందులోనే సర్దుకోవాలి.

మరి అట్ట మీద ఆ అంకె ఎక్కడిది? దాన్ని పీఎమ్‌పీఓ అంటారు. ఆ లెక్కకు అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు, కంపెనీవాడు ఎంత రాసుకుంటే అంత. ఇళ్ళలో వాడే యాంప్‌ల మీద ఇలాంటి అంకెలు మితిమీరిపోతే అమెరికా ప్రభుత్వం 1974లోనే అడ్డుకట్ట వేసింది. నిలకడగా ఇచ్చే వాట్లు చెప్పి తీరాలంది. కారు యాంప్‌లకు 2003లో అక్కడి పరిశ్రమే సీఈఏ-2006 అని ఒక ప్రమాణం పెట్టుకుంది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల లోడు మీద, వికృతి ఒక శాతం దాటకుండా ఎన్ని వాట్లిస్తుందో అది రాయాలని. అది కూడా ఇష్టమున్నవాళ్ళు పాటించేదే. కొనేటప్పుడు మనం అడగాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంత అని. షాపువాడు నీళ్ళు నమిలితే ఫ్యూజు చూపించమనండి.

వాట్ల మోజుకు ఇంకో విరుగుడుంది. 250 వాట్ల యాంప్ తీసేసి 500ది పెడితే శబ్దం రెట్టింపవుతుందని అందరూ అనుకుంటారు. పెరిగేది 3 డెసిబెల్స్. పక్కపక్కన పెట్టి వినిపిస్తే, "కొంచెం పెరిగినట్టుందండీ" అంటారు, అంతే. చెవికి రెండింతలుగా అనిపించాలంటే పది రెట్ల వాట్లు పోయాలి. అదే స్పీకరు ఎంచుకునేటప్పుడు 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అవే వాట్లకు ఎంత గట్టిగా మోగుతుందనే కొలత) ఉన్నదాని బదులు 93 ఉన్నది తీసుకుంటే, నాలుగు రెట్ల పెద్ద యాంప్ కొన్నంత పని అవుతుంది. ఈ అంకె కూడా స్పెసిఫికేషన్ కాగితం మీదే ఉంటుంది. ఎవరూ చదవరు.

బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మినుకుమంటుంటే కెపాసిటర్ పెట్టించుకోమని చెప్పేవాళ్ళు గుడివాడలోనూ ఉన్నారు, బెజవాడ ఆటోనగర్‌లోనూ ఉన్నారు. నీలం లైటుతో మెరిసే ఆ ఒక ఫారడ్ డబ్బాలో 14.4 నుంచి 12 వోల్టులకు దిగేలోపు వాడుకోగల శక్తి సుమారు 32 జౌళ్ళు. 500 వాట్లు లాగే యాంప్‌కు అది సెకనులో పదహారో వంతు సేపు సరిపోతుంది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ నింపాల్సింది ఆల్టర్నేటరే. ఆ డబ్బుతో బ్యాటరీ నుంచి డిక్కీ దాకా లావుపాటి రాగితీగ వేయించుకుంటే మేలు. చౌక కిట్లలో వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. అల్యూమినియంలో కరెంటు పారేది రాగిలో పారేదానికి నూటికి అరవై వంతులే. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు, మూరెడు దూరంలో ఉండాలి. డిక్కీలో పెడితే అది యాంప్‌ను కాపాడుతుందేమో కానీ కారును కాపాడదు. దారిలో తీగ ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా మంటే.

బంగారుపూత పిన్నుల సంగతి బందరువాణ్ణి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? పూత నగల చిలకలపూడి మా ఊళ్ళోదే. పూత అంటే ఏమిటో, ఎన్నాళ్ళు నిలుస్తుందో ఇక్కడ చిన్నపిల్లకైనా తెలుసు. "గోల్డ్ ప్లేటెడండీ, సౌండు క్లియర్‌గా వస్తుంది" అంటూ అమ్మే తీగలు చూస్తే నవ్వొస్తుంది. కరెంటు పారడంలో వెండి మొదటిది, రాగి రెండోది, బంగారం ఆ తర్వాతే. పూత వల్ల పాట మారదు. కాకపోతే బంగారానికి చిలుం పట్టదు. మంగినపూడి వైపు నుంచి ఉప్పుగాలి కొట్టే ఊళ్ళో ఆ ఒక్క గుణం పనికొస్తుంది. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకి, బోల్టు బిగించాక గ్రీజు రాయడం దానికన్నా ఎక్కువ పనికొస్తుంది. దివిసీమ నుంచి వచ్చే కారులో సౌండు ఆగి ఆగి వస్తోందంటే నేను మొదట విప్పేది ఆ ఎర్త్ బోల్టే.

యాంప్ మీదుండే గెయిన్ మర వాల్యూము కాదు. డెక్కు నుంచి వచ్చే సిగ్నల్ ఎంతుందో దానికి యాంప్‌ను సరిపోల్చే మర అది. చివరిదాకా తిప్పితే వాట్లు పెరగవు, పాట శిఖరాలు తెగిపోతాయి. ముందు ప్రాణం పోయేది ట్వీటర్‌కు. బేస్ బూస్ట్ ఇంకా ప్రమాదం. 12 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ నోటు దగ్గర పదహారు రెట్ల వాట్లు అడుగుతున్నట్టు. యాంప్ దగ్గర అంత ఉండదు, స్పీకరు కాయిల్ అంత ఓర్చుకోదు. కాయిల్ కాలిన వాసన తెలిసినవాళ్ళు ఆ బటన్ నొక్కరు.

ఇక కారులో బేస్ రాదనే వాదన. 40 హెర్ట్జ్ నోటు అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, మూడు మీటర్ల కారులో అది ఎక్కడ పడుతుందని చదువుకున్నవాళ్ళే అడుగుతారు. అల మొత్తం పట్టక్కర్లేదు. కారు క్యాబిన్ కొలతకన్నా అల బాగా పొడవైపోయినప్పుడు లోపలి గాలంతా ఒకేసారి బిగుసుకుంటుంది, ఒకేసారి వదులవుతుంది. దాదాపు 70 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్ళేకొద్దీ క్యాబినే బేస్‌ను పెంచుతుంది. మన ఇంటి హాలుకు లేని అదృష్టం కారుకుంది. మూసిన బాక్సులో పెట్టిన వూఫర్ కిందికి వెళ్ళేకొద్దీ ఎంత తగ్గుతుందో క్యాబిన్ ఇంచుమించు అంత ఎత్తుతుంది. ఇంట్లో అద్భుతంగా మోగిన సబ్‌వూఫర్‌ను తెచ్చి కారులో పెడితే గుమ్ముగుమ్మంటూ ముద్దైపోవడానికి కారణం కూడా ఇదే.

ఇంతకీ బాక్సు ఎందుకు? దిమ్మ మీద ఉత్త వూఫర్‌ను పెట్టి మోగిస్తే బేస్ దాదాపు వినపడదు. కోన్ ముందుకు తోసిన గాలి పక్క నుంచి వెనక్కి జారిపోయి, వెనక ఏర్పడిన ఖాళీని నింపేస్తుంది. ముందూ వెనకా కలిసి సున్నా. ఇప్పుడు మనం వాడే తరహా కోన్ స్పీకర్‌ను చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925 నాటికే రూపుదిద్దారు. వెనక గాలిని ఏం చెయ్యాలన్నది చాలాకాలం కొలిక్కి రాలేదు. ఆల్బర్ట్ థురాస్ దాన్ని ఒక రంధ్రం గుండా, సరైన సమయానికి ముందుకు తెచ్చే బాక్సు మీద 1932లో పేటెంటు పొందాడు. ఎడ్గార్ విల్చర్ 1954లో రంధ్రమే లేకుండా చిన్న పెట్టెను గట్టిగా మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. ఏ వూఫర్‌కు ఎంత పెట్టె కావాలో కాగితం మీదే తేల్చే లెక్కను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెడితే, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో పూర్తిచేశాడు. వూఫర్‌తో వచ్చే కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని మూడు అంకెలుంటాయే, అవి వీళ్ళ పుణ్యమే. ఆ కాగితాన్ని పారేసి వూఫర్ మాత్రమే తెచ్చినవాడికి బాక్సు చెయ్యడమంటే కొలతలు లేకుండా చొక్కా కుట్టడమే.

బాక్సు సైజు అనగానే బయటి కొలత చెబుతారు. 16 అంగుళాలు, 14, 12. గుణిస్తే ఒకటిన్నర ఘనపుటడుగులు దాటుతుంది. కానీ పలక మందం 18 మిల్లీమీటర్లు, రెండు వైపులా తీసెయ్యండి. లోపల మిగిలేది 14.6, 12.6, 10.6. అంటే 1.13 ఘనపుటడుగులు, 32 లీటర్లు. నాలుగో వంతు పైగా చెక్కే తినేసింది. ఇందులో వూఫర్ అయస్కాంతం, అడ్డపట్టీలు మరో రెండు, మూడు లీటర్లు ఆక్రమిస్తాయి. డిక్కీలో జాగా కొలుచుకుని బాక్సు చేయించుకునేవాళ్ళు ఈ తీసివేత ముందు చేసుకోవాలి.

బలం సంగతికొద్దాం. "చెక్కపెట్టే కదండీ, 12 ఎమ్ఎమ్ చాలదా?" అంటారు. పన్నెండంగుళాల వూఫర్ కోన్ ఒక సెంటీమీటరు లోపలికొస్తే దాదాపు అరలీటరు గాలిని నొక్కుతుంది. 30 లీటర్ల మూసిన బాక్సులో దానివల్ల పుట్టే ఒత్తిడి ప్రతి చదరపుటడుగు పలక మీదా 22 కిలోల బరువు పెట్టినంత. కోన్ బయటికెళ్ళినప్పుడు అంతే బలంతో లోపలికి లాగుతుంది. 40 హెర్ట్జ్ నోటైతే ఈ తోపుడూ లాగుడూ సెకనుకు నలభై సార్లు. పలక వంగితే ఆ మేరకు ముందుకు రావాల్సిన శబ్దం అక్కడే ఖర్చవుతుంది, పైగా పలక తన సొంత పాట మొదలుపెడుతుంది. పలక మందం ఒకటిన్నర రెట్లు చేస్తే బిగువు మూడు రెట్లు దాటుతుంది. కాబట్టి 12 నుంచి 18కి మారడం దుబారా కాదు. అంతకన్నా చౌకైన ఉపాయం లోపల అడ్డపట్టీ. పలక మధ్యలో ఒక పట్టీ ఎదుటి పలకకు బిగిస్తే వంగే పొడవు సగమవుతుంది. సగం పొడవున్న పలకను అంతే వంచాలంటే ఎనిమిది రెట్ల బలం కావాలి. 25 ఎమ్ఎమ్ పలకలతో ఎత్తలేని బాక్సు చేసేవాళ్ళున్నారు. నా ఓటు 18కీ, రెండు పట్టీలకీ.

టేకుతో చేస్తే నాదం బాగుంటుందని పెద్దవాళ్ళు పట్టుబడతారు. వాళ్ళ మనసులో ఉన్నది వీణ. నూజివీడులో పనసచెక్కను తొలిచి, కుండను పలచగా చెక్కి చేసే వీణకు చెక్క పలకడమే ప్రాణం. స్పీకరు బాక్సు చెక్క పలకకూడదు. పాట ఎలా ఉండాలో రికార్డు చేసినవాళ్ళు ముందే తేల్చేశారు, దానికి మన బాక్సు గమకాలు వెయ్యనక్కర్లేదు. పైగా సిసలైన టేకు పలక వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, కీలు విడుతుంది.

అమెరికా పుస్తకాలన్నీ ఎమ్‌డీఎఫ్, అంటే చెక్కపీచును జిగురుతో అదిమిన పలక, వాడమంటాయి. నిండుగా, ఒకే తీరుగా, లోపల బొరియల్లేకుండా ఉంటుంది, రంపానికి వెన్నలా లొంగుతుంది. వాళ్ళ ఊళ్ళకు అది సరే. కోత కోసిన అంచు నుంచి ఎమ్‌డీఎఫ్ తేమ తాగుతుంది. డెల్టాలో శ్రావణం నుంచి కార్తీకం దాకా గాలిలోనే నీళ్ళుంటాయి. రొయ్యల చెరువుల మీద తిరిగే బళ్ళలోనైతే డిక్కీలో ఐసు నీళ్ళు కారని రోజుండదు. ఒక వానాకాలం గడిచేసరికి అడుగు పలక అంచు బిస్కెట్‌లా ఉబ్బి, స్క్రూ దానంతటదే బయటికొస్తుంది. చెక్కపొట్టును అదిమి చేసే నోవాపాన్ అయితే ఆ వానాకాలం కూడా గడవదు. అందుకే ఇక్కడ నేను చెప్పేది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. మరిగే నీళ్ళలో 72 గంటలుంచినా జిగురు విడకూడదన్నది దానికి పెట్టిన పరీక్ష. ధర ఎక్కువే. కొనేటప్పుడు వేళ్ళతో అంగుళం అంగుళం తట్టి చూడండి, బోలుగా పలికిన చోట లోపల పొర ఖాళీ ఉన్నట్టు. ఆ చోటు వూఫర్ కన్నం కిందికి వచ్చేలా కోసుకోవాలి. ఎమ్‌డీఎఫ్‌తోనే చెయ్యాల్సొస్తే అన్ని అంచులకూ, లోపలా బయటా సీలర్ పట్టించాలి. దాన్ని కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కీళ్ళను పట్టి ఉంచేది స్క్రూలు అనుకుంటారు. గమ్ము ఆరేదాకా కదలకుండా పట్టుకోవడమే స్క్రూ పని, ఆ తర్వాత జీవితమంతా మోసేది గమ్మే. నీటికి తట్టుకునే మెరైన్ రకం గమ్ము రెండు అంచులకూ రాసి, ముందుగా బరమాతో సన్న కన్నం వేసి, నాలుగంగుళాలకొక స్క్రూ బిగించాలి. బిగించినప్పుడు కీలు పొడవునా గమ్ము సమంగా పొంగి రావాలి. ఎక్కడ పొంగలేదో అక్కడ కోత వంకర. మేకులు కొట్టి పని ముగించే వడ్రంగులు మంచం బాగా చేస్తారు, బాక్సు చెయ్యలేరు. లోపలి మూలలన్నీ రంపపు పొట్టు కలిపిన గమ్ముతో పూడ్చాలి. సిలికాన్ వాడితే పూర్తిగా ఆరి వెనిగర్ వాసన పోయేదాకా వూఫర్ బిగించకూడదు, ఆ ఆవిరి లోపలి రాగికి పడదు.

గాలి కారుతోందో లేదో చూడటానికి యంత్రాలక్కర్లేదు. మూసిన బాక్సులో వూఫర్ బిగించాక కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లిగా నొక్కి వదలండి. నింపాదిగా వెనక్కొస్తే బాక్సు గట్టిది. టక్కున వచ్చేస్తే ఎక్కడో కారుతోంది. 30 హెర్ట్జ్ టోన్ పెట్టి, కీళ్ళ పొడవునా అగరుబత్తి తిప్పితే పొగ వణికే చోటే దొంగ దొరుకుతాడు. తీగలు బిగించే ప్లాస్టిక్ కప్పు దగ్గరే ఎక్కువసార్లు దొరుకుతాడు.

రంధ్రమున్న బాక్సు కావాలంటే లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. లోపల 45 లీటర్ల గాలి ఉన్న బాక్సుకు 10 సెంటీమీటర్ల లోపలి వ్యాసమున్న పీవీసీ గొట్టం 35 సెంటీమీటర్ల పొడవు పెడితే అది 35 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. డిక్కీలో పట్టలేదని గొట్టాన్ని 25కి కోసేస్తే 40కి పోతుంది. అంత తేడా. గొట్టం సన్నబడితే బేస్ బదులు బుస వినపడుతుంది. ఇంకో చిక్కు, బాక్సు పలికే నోటుకన్నా కిందికి వెళ్తే కోన్‌కు లోపలి గాలి ఆసరా పోతుంది. పట్టులేని కోన్ గంతులేసి కాయిల్ కొట్టుకుంటుంది. యాంప్ మీద సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే ఆ నోటుకు కాస్త కింద పెట్టుకోవాలి. ఒకే నోటు దగ్గర దడదడలాడాలనే కుర్రాళ్ళకు రంధ్రమున్నదే చేసిస్తాను. దెబ్బ దెబ్బకూ విడివిడిగా వినాలనుకునేవాళ్ళకు మూసినదే. దానిలో దిండ్లలో వాడే పాలియెస్టర్ దూది వదులుగా నింపితే బాక్సు కొంచెం పెద్దదైనట్టు పనిచేస్తుంది. పత్తి దూది మాత్రం వద్దు, మన గాలికి తడిసి ముద్దవుతుంది.

గుడివాడ నుంచి ఒక పెద్దాయన వస్తుంటారు. కారులో వినేది ఘంటసాల ఒక్కరినే. ఘంటసాల పుట్టిన చౌటపల్లి ఆయన ఊరికి దగ్గరేనని గర్వం. "గొంతు నిండుగా రావట్లేదండీ, పెద్ద వూఫర్ వెయ్యండి" అన్నారు. మగగొంతు మూలస్వరం ఇంచుమించు 100 హెర్ట్జ్ పైనే మొదలవుతుంది. డిక్కీలో వూఫర్‌ను మనం 80 దగ్గరే కత్తిరిస్తాం. ఘంటసాల ఉండేది ముందు తలుపుల్లో. ఆ తలుపు స్పీకర్ వెనకున్న కన్నాలు రేకుతో మూసి, బ్యూటైల్ షీటు అంటించి, స్పీకర్ కింద ప్లైవుడ్ రింగు వేశాను. తలుపు కూడా ఒక బాక్సే. దాన్ని కంపెనీవాడు కన్నాలతో వదిలేశాడు. ఆయన వూఫర్ కొనలేదు.

బాక్సును డిక్కీలో ఊరికే పెట్టి వెళ్ళిపోతామంటే నేను ఒప్పుకోను. మా నల్లరేగడి మీద వేసిన రోడ్లు ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా ఉంటాయి. పులిగడ్డ దాటి కోడూరు దాకా వెళ్ళొస్తే తెలుస్తుంది. సడన్ బ్రేకు వేస్తే పాతిక కిలోల బాక్సు వెనక సీటు మీదికి వస్తుంది. ఎల్ పట్టీలు వేసి కారు నేలకు బోల్టు బిగించాలి, కింద పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చూసుకుని మరీ. చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఓర్చుకునే చెవి, 100 దగ్గర పావుగంటకే హద్దు దాటుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. అద్దాలు దించి ఊరంతా వినిపించాలనుకుంటే, 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అంటున్నాయి.

ఇవన్నీ సరిగ్గా కుదిరాక కూడా రెండు రోజుల్లో ఫోనొస్తుంది. "బాబాయ్, బాక్సులో ఏదో గలగలమంటోంది, వూఫర్ పోయినట్టుంది." తీసుకురమ్మంటాను. టోన్ పెట్టి కారు చుట్టూ అరచేత్తో నొక్కుకుంటూ వెళ్తాను. బాక్సు దగ్గర చప్పుడుండదు. వెనక నంబరు ప్లేటు మీద చెయ్యి పెట్టగానే గలగల ఆగిపోతుంది. దాని వెనక స్పాంజి టేపు ముక్క అంటించి, పది రూపాయలు తీసుకుంటాను.